తుఫానయ్యకు పడని గది

సరివితోపు పాలెంలో కామాక్షయ్య అని అడిగితే ముగ్గురిని చూపిస్తారు. తుఫానయ్య అని అడిగితే ఒక్కడినే చూపిస్తారు. నలభై తొమ్మిదేళ్ళ మనిషి, పొట్టివాడు, బండగొంతు. ఏడాదిలో ఎక్కువ రోజులు అందరిలాగే వేటకి పోతాడు. ఆశ్వయుజం వచ్చి సముద్రంలో వాయుగుండం పట్టిందని కబురు తెలిస్తే మాత్రం వల పక్కన పడేసి, మెడలో ఈల వేసుకుని ఇంటింటికీ తిరుగుతాడు. తుఫాను షెల్టరుకి రానన్నవాళ్ళని తిడతాడు. నడవలేని ముసలివాళ్ళని భుజానికెత్తుకుంటాడు. కోళ్ళగంప వదిలి రానన్న ఆడవాళ్ళ చేతిలోంచి గంప లాక్కుని తానే ముందు నడుస్తాడు. గంప వెంబడి వాళ్ళూ వస్తారు, తిట్టుకుంటూ అయినా సరే.

అన్నం ఉడికే వేళకి వచ్చి పొయ్యి ఆర్పించేవాడిని ఎవరు ముద్దు చేస్తారు? తుఫానయ్య అని పేరు పెట్టింది వెక్కిరింపుకే. పదిసార్లు పిలిస్తే ఎనిమిదిసార్లు వాయుగుండం పక్కకి తప్పుకుని పోయేది. జనం మర్నాడు ఇళ్ళకి తిరిగిపోతూ, "ఏం తుఫానయ్యా, నీ తుఫాను దారి తప్పినట్టుండాదే" అని నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. తప్పిపోయిన తుఫాను మీద అతనికి ఏ కోపమూ లేదు. వాళ్ళు మళ్ళీ పిలిస్తే వచ్చారా లేదా అన్నదొక్కటే అతనికి కావాలి.

అతనికి ఆ పట్టుదల ఊరికే రాలేదు. పదేళ్ళ కిందట పెద్ద గాలి వచ్చిన రోజు ఊరంతా షెల్టరులో ఉంది. మధ్యాహ్నం కాసేపు గాలి తగ్గింది. అతని భార్య పోలేరమ్మకి ఒక్కడే తమ్ముడు, మాల్యాద్రి, ఇరవై ఆరేళ్ళవాడు. పడవ ఇంజను ఒడ్డున వదిలేసి వచ్చానని, దాన్ని పైకి లాగి వస్తానని బతిమాలాడు. తలుపు దగ్గర కూర్చున్నది కామాక్షయ్యే. గడియ తీసిందీ అతనే. "బిరీన రారా" అని పంపించాడు. గాలి మళ్ళీ తిరగబడింది. మాల్యాద్రి మూడోనాడు తోపులో, పడిపోయిన సరివి మాను కింద దొరికాడు. పోలేరమ్మ మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అనివుంటే బాగుండేదని అతను ఇప్పటికీ అనుకుంటాడు.

దినాలు కాగానే అతను కాపుల దగ్గరికి పోయాడు. ఆ పాలేల్లో కాపులంటే కులపెద్దలు. వాళ్ళు కూర్చుని వేసే కట్టుబాటుని దురాయి అంటారు. పోలీసు మాట దాటినవాళ్ళున్నారు గాని దురాయి దాటినవాడు ఆ ఒడ్డున లేడు. తుఫానుకి ఊరంతా షెల్టరుకి రావాలి, ఒకసారి తలుపు గడియ పడితే గాలి పూర్తిగా పోయేదాకా ఎవరికోసమూ తియ్యకూడదు అని దురాయి వెయ్యమని కాళ్ళావేళ్ళా పడ్డాడు. పెద్దకాపు బుజ్జయ్య ఒప్పుకున్నాడు. గడియ బాధ్యత కామాక్షయ్యకే అప్పజెప్పాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళలో పాలెంలో తుఫానుకి ఒక్క ప్రాణం పోలేదు. ఇది చిన్న సంగతి కాదు. కానీ పోని ప్రాణాలకి విగ్రహాలు కట్టరు కదా, ఎవరూ పట్టించుకోలేదు.

మండలం ఆఫీసువాళ్ళు మాత్రం పట్టించుకున్నారు. ఒడ్డున ఉన్న పాలేల్లోంచి ఈతగాళ్ళని తొమ్మిదిమందిని ఏరి పడవ దళం కట్టారు. అందులో కామాక్షయ్య ఒకడు, పక్క పాలెం ఏసుమణి ఒకడు. నాలుగేళ్ళ కిందట పెన్నా పొంగినప్పుడు ఈ తొమ్మిదిమందినీ పడవలతో సహా లారీలెక్కించి నెల్లూరు వైపు తీసుకుపోయారు. మూడు రోజులు మిద్దెల మీదున్న జనాన్ని దించారు. ఆ పని వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. అసలు పని నీళ్ళు తీసిన తర్వాత మొదలైంది. ఇళ్ళలో ఎవరైనా చిక్కుకుపోయారేమో చూడమన్నారు, తర్వాత బురద ఎత్తమన్నారు, తర్వాత పరుపులు బయటెయ్యమన్నారు. పదహారు రోజులు మూసిన తలుపులు పగలగొట్టుకుని లోపలికి దూరారు. నానిన పరుపులు, ఉబ్బిన బీరువాలు, నడుమెత్తు దాకా నల్లగా బూజెక్కిన గోడలు, కాలు పెడితే గుంపులుగా పరిగెత్తే బొద్దింకలు. మూతికి కట్టుకునేందుకు తువ్వాలు తప్ప ఇంకేమీ లేదు. చివరి రోజు ఎవరో పెద్దమనిషి వచ్చి తొమ్మిదిమందికీ శాలువాలు కప్పి ఫోటో తీయించుకున్నాడు. ఆ శాలువా కప్పుతున్నప్పుడే కామాక్షయ్యకి మొదటిసారి దగ్గు తెర వచ్చింది. ఫోటోలో అతనొక్కడే తల వంచుకుని ఉంటాడు.

దగ్గు తగ్గలేదు. ఆయాసమైంది. తెల్లవారుజామున గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి. పోలేరమ్మ తనకి తెలిసిందంతా చేసింది. సముద్రపు గాలి తగిలితే ఉబ్బసం ముదురుతుందని ఆ ఒడ్డున పుట్టిన ప్రతివాళ్ళూ నమ్ముతారు. ఆమె కిటికీలు మూసి, సందుల్లో గుడ్డపేలికలు కుక్కింది. మొగుడి కింద పాతచీరల బొంతలు రెండు పరిచి, పైన శాలువా కప్పి, దాని మీద ఇంకో బొంత కప్పింది. పొద్దున సాయంత్రం సాంబ్రాణి పొగ వేసింది. కన్నతల్లి కూడా అంత భద్రంగా చూసుకోదు. అతను రోజురోజుకీ నీరసించిపోయాడు. వింత ఏమిటంటే, పడవెక్కి నాలుగు మైళ్ళు లోపలికి పోతే ఊపిరి హాయిగా ఆడేది. ఒడ్డుకి వచ్చి ఇంట్లో పడుకుంటే మళ్ళీ మొదలు. వేటకి పోయిన అలుపువల్లే ఇంటికొచ్చాక ఆయాసం వస్తోందని పోలేరమ్మ వేట కూడా మాన్పించింది.

చివరికి ఏసుమణి వచ్చి బలవంతాన నెల్లూరు తీసుకుపోయాడు. అతనికీ దగ్గుండేది గాని ఇంత కాదు. అక్కడ ఛాతీ డాక్టరు ఉషగారని చిన్నవయసు మనిషి. కామాక్షయ్య ముంజేతి మీద పెన్నుతో గీతలు గీసి, ఒక్కో గీత పక్కన ఒక్కో మందు చుక్క వేసి, ప్రతి చుక్కలోనూ సూదితో చిన్నగా గిచ్చింది. పావుగంట చెయ్యి కదిలించకుండా కూర్చోమంది. చూస్తూండగానే రెండు మూడు చోట్ల కందిగింజంత దద్దులు లేచాయి. ఒకచోట మాత్రం రూపాయి బిళ్ళంత పొంగింది.

"ఇదేంది తల్లీ, ఇంత లేచింది?"

"బొద్దింక," అంది డాక్టరు.

కామాక్షయ్య ఏసుమణి వైపు చూశాడు. ఏసుమణి నవ్వాపుకుంటున్నాడు.

"ఎనిమిదడుగుల నీళ్ళలో మనుషుల్ని మోసినోణ్ణి తల్లీ నేను. బొద్దింకకి పడిపోయినానంటే మా ఊళ్ళో నా మొహాన ఊస్తారు. ఇంకేదన్నా రాయి."

డాక్టరు నవ్వలేదు. "బొద్దింక కరిచి కాదు. దాని రెట్ట, చచ్చి పొడైన రెక్కలు దుమ్ములో కలిసిపోతాయి. ఆ దుమ్ము మీ ఊపిరికి పడదు. పరుపుల్లో, బొంతల్లో కంటికి ఆనని పురుగులుంటాయి, అవీ పడవు. బూజు పడదు. వరద ఇళ్ళలో పనిచేసి వచ్చినవాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు నా దగ్గరికి. వరద మొదలుపెట్టింది. మూసిన గదులు పెంచి పోషిస్తున్నాయి. మీది తేలికరకం కాదు, అది గుర్తుపెట్టుకోండి." రోజూ పీల్చేది ఒకటి, అవసరానికి పీల్చేది ఒకటి, రెండు పంపులు రాసిచ్చింది. "మీరు గాలిలో ఉండండి, నీళ్ళలో ఉండండి, నాకు భయం లేదు. ఎప్పుడూ మూసివుండే గదిలోకి మాత్రం పోవద్దు. పోతే మందు కూడా ఆదుకోకపోవచ్చు."

అతనికి వెంటనే షెల్టరు గుర్తొచ్చింది. ఆ సంగతి డాక్టరుకి చెప్పలేదు. చెబితే పోవద్దంటుందని తెలుసు.

ఇంటికొచ్చి చెబితే పోలేరమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. "మా ఇంట్లో బొద్దింకలా? ఆ డాక్టరమ్మని ఒకసారి రమ్మను మామా, నా ఇల్లు చూపిస్తా. రోజుకి రెండుసార్లు ఊడుస్తా నేను." రెండు రోజులు అలిగింది. మూడోనాడు ఏమనుకుందో ఏమో, మంచం కింద ఎండుచేపల గంప ఎత్తి, అడుగున పరిచిన గోనె లాగింది. గోడ పొడవునా బొద్దింకలు పారాయి. ఆమె అక్కడే చతికిలబడి ఏడ్చింది. తాను కుక్కిన పేలికలు, కప్పిన బొంతలు, వేసిన పొగ, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. రెండేళ్ళు ప్రేమగా మొగుడి పీక నొక్కానని ఆమెకి అర్థమైంది. ఆ సాయంత్రమే బొంతలూ శాలువా దిబ్బమీద వేసి కాల్చేసింది. కిటికీలు బార్లా తెరిచింది. ఎండుచేపలు బయట చావిట్లోకి మార్చింది. నెల తిరిగేసరికి కామాక్షయ్య చాలాకాలానికి వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. మళ్ళీ వేటకీ పోయాడు.

ఇంటి వరకు గెలిచారు. షెల్టరు మిగిలింది.

ఆ షెల్టరు స్తంభాల మీద కట్టిన పెద్ద హాలు. పైకి మెట్లు, ఒక ఇనుప తలుపు, ఇనుప రెక్కల కిటికీలు నాలుగు. ఏడాదికి ఒకసారో రెండుసార్లో తెరుస్తారు. మిగతా రోజుల్లో దాని నిండా బుజ్జయ్యవీ మిగతా కాపులవీ పాతవలలు, ఎండుచేపల బస్తాలు, మూడు వరదలకి సర్కారు పంపగా పంచకుండా మిగిలిన దుప్పట్ల మూటలు ఉంటాయి. కప్పు కారి గోడలు నల్లబడ్డాయి. బొద్దింకలకి అది కల్యాణమంటపం.

కామాక్షయ్య ముందు బుజ్జయ్య దగ్గరికి పోయాడు. వలలూ బస్తాలూ తీయించమన్నాడు.

"తీసి యాడ పెట్టమంటావు? నీ నెత్తినా?" అన్నాడు బుజ్జయ్య. "పదేళ్ళ బట్టి ఊరంతా ఆడ ఊపిరి పీల్చింది. ఎవురికీ ఏమీ కాలా. ఒక్కడికి పడలేదంటే తప్పు గదిదా, ఆ ఒక్కడిదా?"

తర్వాత కామాక్షయ్య మండలం ఆఫీసుకి పోయి దుప్పట్లు తీసుకుపొమ్మన్నాడు. అవి సర్కారు సొత్తు, పైనుంచి కాగితం లేనిదే కదిలించకూడదన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు, నిజమే. ఆరునెలలు తిరిగాక షెల్టర్లు శుభ్రం చెయ్యండని పైనుంచి కాగితం రానే వచ్చింది. ఇద్దరు మనుషులొచ్చి బయటిగోడలకి సున్నం కొట్టి, దాని ముందు నిలబడి ఫోటో తీసుకుని పోయారు. లోపలికి ఎవరూ తొంగి చూడలేదు. ఇక లాభం లేదని కామాక్షయ్య, ఏసుమణి చీపుళ్ళు పట్టుకుని తామే దిగారు. పది నిమిషాలు ఊడ్చారో లేదో కామాక్షయ్య మెట్ల మీద కూలబడ్డాడు. ఏసుమణి అతన్ని కిందకి దించి, తానూ ఇసకలో పడి దగ్గాడు. చీపుళ్ళు లోపలే ఉండిపోయాయి.

పోయినేడు ఆశ్వయుజంలో వాయుగుండం పట్టింది. సాయంత్రానికి తీరం దాటుతుందన్నారు. కామాక్షయ్య ఎప్పటిలాగే పొద్దున్నే అందరినీ తోలుకొచ్చి లోపలికి ఎక్కించాడు. తాను మాత్రం మెట్ల మీద ఆగిపోయాడు. అక్కడే గోడ మాటున కూర్చుంటే గాలి తగలదని, ఊపిరి ఆడుతుందని లెక్క వేసుకున్నాడు. అతను వెయ్యనిదల్లా ఊరి లెక్క. లోపలినుంచి సుధాకర్ అనేవాడు చూశాడు. ఇంజన్లు బాగుచేసే మనిషి, నోటి దురుసువాడు.

"చూసినారా, మనల్ని కోళ్ళగంపలో మూసి, తుఫానయ్య మాత్రం బయట గాలి పీల్చుకుంటా ఉండాడు. ఆయనే బయటుంటే ఇంకేం తుఫాను?" అంటూ బయటికొచ్చాడు. వాడి వెనక పదిమంది మగవాళ్ళు. కొందరు అప్పుడే మెట్లు దిగి ఇళ్ళ దారి పట్టారు.

కామాక్షయ్యకి ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. అందరినీ తిట్టి వెనక్కి తోలి, తానూ లోపలికి పోయి గడియ పెట్టాడు. లోపల నాలుగొందల మంది. పిల్లలు దుప్పట్ల మూటల మీద ఎక్కి దూకుతున్నారు. ఆడవాళ్ళు మూటలు విప్పి, దుప్పట్లు దులిపి పరుచుకుంటున్నారు. కిటికీ సందులోంచి పడ్డ వెలుతురులో దుమ్ము లేస్తూ కనపడింది. గంట సేపు ఓర్చుకున్నాడు. పంపు పీల్చాడు, మళ్ళీ పీల్చాడు. తర్వాత పిల్లికూతలు కూడా ఆగిపోయాయి. కూత వచ్చేంత గాలి కూడా లోపలికి పోవడం లేదు. అతని పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగేసరికి పోలేరమ్మ గడియ మీద పడింది. తియ్యొద్దని అతను చేత్తో సైగ చేశాడు. ఆమె తీసింది. పెద్దకాపు ముందర, ఊరంతా చూస్తుండగా దురాయి దాటింది.

నాలుగు రోజులు ఆస్పత్రిలో ఆక్సిజను పెట్టారు. ఆ తుఫాను ఉత్తరానికి తిరిగి ఎటో పోయింది. పాలెంలో చినుకులు పడ్డాయంతే.

తిరిగి వచ్చేసరికి ఊళ్ళో తీర్పు అయిపోయింది. తుఫాను చంపలేదు గాని షెల్టరు చంపబోయింది. బొద్దింకల మాట ఎవరూ నమ్మలేదు. గదికేదో పట్టిందన్నారు. మాల్యాద్రి వచ్చి బావ రొమ్ము మీద కూర్చున్నాడన్నవాళ్ళూ ఉన్నారు. ఆ మాట విన్నరోజు పోలేరమ్మ అన్నం తినలేదు. బుజ్జయ్య కాపుల్ని కూర్చోబెట్టి దురాయి ఎత్తేశాడు. "వేయించినోడికోసమే తలుపు తీసినాం. ఇంక ఎవురి మీద వేస్తాం దాన్ని?" అన్నాడు. అందులో తప్పు పట్టడానికి కామాక్షయ్యకి ఏమీ దొరకలేదు.

"గది మంచిదే. నా రొమ్మే చెడింది" అని కనపడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

"నిన్న నీ రొమ్ము. రేపు మా రొమ్ము" అన్నారు.

తొమ్మిదేళ్ళు ఇల్లిల్లూ తిరిగి సంపాదించిన నమ్మకం అది. తన ఆయాసంతో తానే ఊదేశాడు. ఏ పూటకాపూట ఆ సంగతి తలుచుకుని కుమిలిపోయేవాడు. గాలికి పోయిన ప్రాణానికి గాలిని తిట్టుకోవచ్చు. ఈసారి ఎవరైనా పోతే తనని తప్ప ఎవరిని తిట్టుకుంటాడు?

ఈ ఏడు కార్తీకంలో పట్టిన వాయుగుండం తప్పిపోయే రకం కాదు. రెండు రోజుల ముందే సముద్రం రంగు మారింది. పొద్దునకి అలలు ఒడ్డు దాటి వలలారేసే ఇసకదిబ్బ దాకా వచ్చాయి. కామాక్షయ్య ఈల మెడలో వేసుకున్నాడు గాని ఊదడానికి ఊపిరి లేదు. ఏసుమణి వచ్చి ఈల ఊదాడు, కామాక్షయ్య గడప గడపకీ పోయి చెప్పాడు. సగం మాట చెప్పి ఆగి, ఊపిరి తీసుకుని, మిగతా సగం చెప్పాడు. ఆ ఆయాసమే అతని మాటకి ఎదురు సాక్ష్యం చెప్పింది. సుధాకర్ తలుపు కూడా తియ్యలేదు. కొందరు బుజ్జయ్య డాబాకి పోతామన్నారు. ఆ డాబా ఇసకదిబ్బకి గట్టిగా నూరడుగుల దూరం లేదు. రేకుల ఇళ్ళవాళ్ళు రేకుల మీద రాళ్ళు పెట్టుకుంటున్నారు.

పక్కింటి కామమ్మ డెబ్భై దాటిన మనిషి. పెద్దగాలి రోజున అతని భుజం మీదే షెల్టరుకి పోయింది.

"నువ్వు పోతావా నాయనా లోపలికి?" అని అడిగింది. "నువ్వు పోతే నేనూ వస్తా. నువ్వు పోకుంటే నన్నెందుకు పొమ్మంటావు?"

అతను ఇంటికొచ్చాడు. మధ్యాహ్నానికి ఏసుమణి కూడా ఈల తిరిగిచ్చేశాడు. "మా పాలెంలో మా వాళ్ళుండారన్నా, పోవాల. నువ్వు మాత్రం లోపలికి పోబాక. మీ ఇంటి వెనక ఎత్తుమీద కూర్చో" అని పరిగెత్తాడు.

పోలేరమ్మ దారికి అడ్డం నిలబడింది. "పోయినేడు నాలుగు రోజులు నీ ముక్కుకి గొట్టం పెడితే పక్కన కూర్చున్నా మామా. ఇంకోసారి కూర్చోలేను. ఇప్పుడు ఆస్పత్రికి బండి కూడా రాదు."

"నేను పోకుండా వాళ్ళని పొమ్మని ఎట్టా చెప్పేది మే?"

"నువ్వు పోయినా రారు."

"కొందరొస్తారు."

ఆమె ఏడ్చింది, తిట్టింది, తల గోడకేసి కొట్టుకుంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని రెండు పంపులూ సంచిలో వేసింది. మూతికి కట్టేందుకు గుడ్డ తడిపింది. అతని వెంట తానూ నడిచింది. దారిలో ఇద్దరూ ఒక్కో ఇంటి ముందూ ఆగారు. "లోపలికి పోతుండా, రండి" అని అతను చెప్పాడు. కొందరు చూసి తల తిప్పుకున్నారు. కామమ్మ కర్ర పట్టుకుని లేచింది. నెలలు నిండిన కోడల్ని వెంటబెట్టుకుని ఒకామె వచ్చింది. ఇద్దరు ముసలివాళ్ళు, చంటిపిల్లతో ఒక జంట, ఇంకా ముగ్గురో నలుగురో వచ్చారు. ఎక్కిన వెంటనే పోలేరమ్మ అందరినీ దుప్పట్ల మూటలకి దూరంగా కూర్చోబెట్టింది. కదలొద్దని, ఏదీ దులపొద్దని దండం పెట్టింది.

కామాక్షయ్య తలుపు పక్కనే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తడిగుడ్డ మూతికి కట్టుకున్నాడు. తలుపు ఇంకా తెరిచే ఉంది. అక్కడినుంచి ఊరి దారంతా కనపడుతుంది. మూడు గంటలకి గాలి విసురు మొదలైంది. సరివి తోపు ఒకటే హోరు. పిల్లికూతలు అప్పటికే వచ్చేశాయి. మొదటి పంపు పీల్చాడు. బయటి గాలి ముఖాన కొట్టినప్పుడల్లా కొంచెం తెరిపి. హాలు లోపలి వాసన తగిలినప్పుడల్లా రొమ్ము మీద రాయి పెట్టినట్టు.

నాలుగు కావస్తుండగా వాన అడ్డంగా లోపలికి కొట్టింది. నేల తడిసింది. చంటిపిల్ల ఏడుపు లంకించుకుంది.

"తలుపేయండి నాయనా, కొట్టుకుపోయేట్టుండాం" అంది కామమ్మ.

పోలేరమ్మ మొగుడి వైపు చూసింది. "ఇంకొంచెంసేపు పెద్దమ్మా. దారిలో ఎవురన్నా వస్తుండారేమో" అంది.

అందరూ దారి వైపు చూశారు. కామాక్షయ్య ఆమె వైపు చూశాడు. ఆమె ఎవరికోసమూ తలుపు ఆపడం లేదు. అతనికోసం ఆపింది. అతనికి అందులో సందేహం లేదు. ఆ అబద్ధానికి ఆమె మీద కోపం రాలేదు. తాను కూడా అరగంటగా అదే అబద్ధం చెప్పుకుంటున్నాడు. దారి చూస్తున్నానని అనుకుంటూ గాలి పీలుస్తున్నాడు.

దారిలో ఎవరూ రావడం లేదు. బుజ్జయ్య డాబా అవతల ఇసకదిబ్బ ఉండాల్సిన చోట తెల్లగా నురగ కనిపించింది. ఎవరిదో ఇంటి రేకు ఒకటి లేచి, తోపు మీదుగా పోయింది. తలుపు రెక్క గాలికి ఊగి గోడకి కొట్టుకుంది. ఇంకో రెండు దెబ్బలు పడితే బందులు ఊడిపోతాయి, అప్పుడు లోపలున్నవాళ్ళకి కూడా దిక్కుండదు.

కామాక్షయ్య గోడ పట్టుకుని లేచాడు. పోలేరమ్మ అతని చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నదే గాని లాగలేదు. అతను రెక్కకి భుజం ఆనించి నెట్టాడు. ఒక్కడివల్ల కాలేదు. ఆమె కూడా వచ్చి భుజం ఆనించింది. ఇద్దరూ కలిసి తలుపు మూశారు. గడియ అతనే పెట్టాడు.

చీకటైంది. హోరు కాస్త తగ్గి లోపలి దగ్గులు, పిల్ల ఏడుపు వినపడ్డాయి. అతను గోడ వెంబడి జారి కూర్చున్నాడు. పోలేరమ్మ రెండో పంపు నోటి దగ్గర పెట్టింది. పీల్చాడు. లోపలికి ఏమీ పోయినట్టు లేదు. పంపు పక్కకి తోసి ఏదో అడిగాడు. మాట రాలేదు, పెదాలు కదిలాయి. ఆమె చెవి ఆనించింది.

"ఎంతమందిమి?"

ఆమె చీకట్లో ఒక్కొక్కరి తల తడుముతూ లెక్కపెట్టి వచ్చింది.

"నీతో నాతో పదమూడు మంది మామా."

పోయినేడు నాలుగొందల మంది కూర్చున్న హాలు అది. అతను తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ లెక్కపెట్టమని చేత్తో చూపించాడు.